మా ఆయన మార్చుకోని మాట

మదనపల్లెలో టమోటా మార్కెట్టుకు పోయే దారిలో మాకొక చిన్న టిఫిన్ హోటలు ఉండేది. నేను దోసెలు పోసేదాన్ని, మా ఆయన వడ్డించేవాడు. వడ్డించడం కన్నా ఆయనకు మాట్లాడడమే ఎక్కువ. అయితే రాజకీయాల్లో ఆయనకున్నది ఒకే ఒక్క మాట. సారా అమ్మి బతికే ప్రభుత్వం ఎవరిదైనా సరే, దానికి ఓటు వెయ్యను. మా మామ తాగి తాగి నడివయసు రాకుండానే పోయాడు. మా అత్త కూలికి పోయి ఈయన్ని పెంచింది. కాబట్టి అది ఏ పేపరు చదివో నేర్చుకున్న మాట కాదు.

తొంభైల మొదట్లో ఆడవాళ్ళు సారా అంగళ్ళ మీదికి పోతున్నప్పుడు మేం తెప్పించే పేపరు రోజూ ఆ వార్తే పెద్దక్షరాలతో వేసేది. కలికిరి నుంచి టమోటాలు తెచ్చే రైతులు, మండీల వాళ్ళు అది చదివి, "నువ్వు సెప్పేదే కరెక్టన్నా" అని ఈయన భుజం తట్టేవాళ్ళు. మొదట సారా పోయింది. తర్వాత మందంతా పోయింది. మళ్ళీ ఎక్కువ కాలం గడవకముందే నిషేధం ఎత్తేశారు. అదే పేపరు, ఆబ్కారీ రాబడి లేకుంటే రాష్ట్రం ఎట్లా నడుస్తుందని రాసింది. మొన్నటిదాకా నిషేధాన్ని వెక్కిరించిన పోటీ పేపరేమో ఆడవాళ్ళ కన్నీళ్ళ గురించి రాయసాగింది. భుజం తట్టినవాళ్ళందరూ పేపర్లతో పాటే తిరిగిపోయారు. మా ఆయన ఒక్కడే తిరగలేదు.

"మొన్నేం రాసినారు, ఈపొద్దేం రాసినారు? సూడండప్పా!" అని తినేవాళ్ళ ముందు రెండు పేపర్లూ పరిచేవాడు. మనిషి దోసె తుంచి నోట్లో పెట్టుకునే వేళకు ఎవరికి కావాలి ఈ పంచాయితీ? ఈ పార్టీవాళ్ళు ఆయన్ని ఆ పార్టీ అన్నారు, ఆ పార్టీవాళ్ళు గోడమీద పిల్లి అన్నారు. ఉన్నమాటంటే ఉలుకెక్కువ అంటారు కదా, మా గిరాకీ అంతా ఉలిక్కిపడి ఎదురు హోటలుకు నడిచింది. రెంటికీ చెడ్డ రేవడిలా మిగిలి, కొన్నాళ్ళకు మేం హోటలు మూసేశాం.

పిల్లల్ని వెంటబెట్టుకుని నా పుట్టినూరు పుంగనూరుకు పోయి తోపుడుబండి పెట్టాం. ఈసారి నేను ముందే చెప్పాను. "పేపరు తెప్పించొద్దు, నోరు తెరవొద్దు. బోండాలెయ్యి, పొట్లం కట్టు, ఇయ్యి. అంతే." సరేనన్నాడు, మాట మీద నిలబడ్డాడు కూడా. కానీ పొట్లం కట్టడానికి కాగితం కావాలి కదా. పాతపేపర్లు కేజీల లెక్కన తెచ్చుకునేవాళ్ళం.

ఎన్నికల ముందొకనాడు సదుం వైపు పోతున్న జీపొకటి బండి దగ్గర ఆగింది. పార్టీ కుర్రవాళ్ళు బోండాలు కట్టించుకున్నారు. పొట్లం విప్పితే లోపల వాళ్ళ నాయకుడి ఫోటో. ముఖమంతా నూనె పాకి ఉంది, మీసం మీద చట్నీ ఉంది.

"మాయన్న మొగం మీద బోండాలు పెడ్తావా?" అని మీదికొచ్చారు.

"సూసుకోలేదప్పా, తప్పైపోయింది" అని ఈయన గబగబా ఇంకో కాగితంలో కట్టిచ్చాడు. ఖర్మ కాకపోతే, ఆ కాగితంలో అవతలి నాయకుడు దండలేయించుకుని నవ్వుతున్నాడు! ఇంక చెప్పాలా? కావాలనే చేశాడన్నారు. బండి తోసేశారు. బాణలిలోని నూనె రోడ్డు మీద పడి నా పాదాన్ని కాల్చింది. చుట్టూ నిలబడినవాళ్ళందరూ నన్ను చిన్నప్పటి నుంచి ఎరిగినవాళ్ళే. ఒక్కరూ అడ్డం రాలేదు.

మర్నాడు రెండు పేపర్లలోనూ మేమున్నాం. ఒకదాంట్లో మా ఆయన నాయకుణ్ణి అవమానించిన ప్రత్యర్థి పార్టీ మనిషి. ఇంకోదాంట్లో దాడికి గురైన తమ పార్టీ కార్యకర్త. కాలిన నా పాదం రెండిట్లోనూ లేదు. ఈయన పట్టుబట్టి ఊళ్ళో విలేకరి దగ్గరికి పోయి, "నేను ఏ పార్టీ మనిషినీ కాదని రాయండి సార్" అని అడిగాడు.

"అట్ల రాస్తే అది వార్త ఎట్లయితాదన్నా?" అన్నాడట ఆ విలేకరి.

ఆ సాయంత్రం నేను నెత్తి కొట్టుకుని ఏడ్చాను. "నీ మాట కట్టుకుని నేనూ పిల్లోళ్ళూ ఇంక యాడికి పోవాలయ్యా?" అన్నాను.

కుప్పం పోయాం. రైల్వే స్టేషన్ దగ్గర అంగడి పెట్టుకోవడానికి చిన్న గది దొరికింది. ఓనరు ఒక పార్టీ మనిషి. గోడకు టీవీ తానే తగిలించి, "ఈ చానెల్ తప్ప ఇంకోటి పెట్టొద్దప్పా" అన్నాడు. కొంతకాలానికి పక్క గదిలో బ్రాందీషాపు వచ్చింది. తాగేవాళ్ళకు నంజుకోవడానికి ఏదో ఒకటి కావాలి. మా పకోడీలు, ఆమ్లెట్లు చేసినవి చేసినట్టే అయిపోయేవి. మా జన్మలో అంత గిరాకీ ఎప్పుడూ చూడలేదు. సారా మాట మీద ఒక ఊరు, పొట్లం కాగితం మీద ఇంకో ఊరు పోగొట్టుకున్న మనిషి తాగేవాళ్ళకు పకోడీలు వేయించాడు. టీవీలో పెద్దమనుషులు కుళాయి దగ్గర బిందెల తగాదాలో లాగా అరుచుకునేవాళ్ళు. తాగినవాడు "ఏమంటావన్నా?" అంటే ఈయన "అవునప్పా" అనేవాడు. దానికి అడ్డం తిరిగి ఇంకొకడు వాదిస్తే వాడికీ "అవునప్పా". ఇంట్లోనూ అంతే. కావాలని చారులో ఉప్పెక్కువ వేసి చూశాను. "బాగుండాది" అన్నాడు. ఆయన నోటికి ఎన్నేళ్ళు భయపడ్డానో, ఆ అవునుకు అంతకన్నా ఎక్కువ భయపడ్డాను.

మళ్ళీ ఎన్నికలొచ్చాయి. బడి దగ్గర ఓటేసే వరుసలు. ఆయన వరుస నా వరుస పక్కనే ఉంది. కాస్త వంగి, "ఏమే, ఎవరికేద్దాం?" అన్నాడు.

ఎగతాళేమో అనుకుని ముఖం చూశాను. కాదు.

"నన్నడుగుతాండావా?"

"నువ్వు యాడ ఎయ్యమంటే ఆడ ఎస్తా. మనకేది ఇబ్బంది లేదో సూసి సెప్పు."

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. "నువ్వే సెప్పయ్యా! సారా అమ్మేవాళ్ళకు ఎయ్యనని సెప్పు. గట్టిగా సెప్పు, అందరూ ఇననీ" అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. ముందున్నవాళ్ళు తిరిగి చూశారు.

ఆయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"మెల్లగా మాట్లాడే. మన అంగడికొచ్చేవాళ్ళు ఉండారు" అన్నాడు.