రాజావారు నవ్వని రోజు

వార్డుల్లో జుట్టు నెరిశాక ఆ నర్సు పరిశోధన మొదలుపెట్టింది. మానసిక ఎదుగుదల తక్కువైనవాళ్లు ఆసుపత్రికొస్తే వాళ్ల నొప్పి మనకి ఎందుకు తెలియడంలేదు? అదీ ఆమె ప్రశ్న. “మాటలొచ్చినవాళ్ల గోడే ఎవరూ వినరు, ఇదొకటా నీకు?” అంది వాళ్లమ్మ. ఆసుపత్రివాళ్లు ఒప్పుకున్నారు గానీ ఒక షరతు పెట్టారు. పక్కన కూర్చుని చూడాలి, వైద్యంలో వేలు పెట్టకూడదు.

అలా పరిచయమైనవాడే రాజావారు. నలభై దాటిన మనిషి, మాటలు రావు. వాళ్లక్క ముందుగదిలో బట్టలు కుడుతుంటే, మిషను పక్కన కూర్చుని గుండీలు రంగులవారీగా ఏరేవాడు. గడపలోకి ఎవరొచ్చినా వరాలిస్తున్నట్టు చెయ్యెత్తి పకపకా నవ్వేవాడు. అందుకే వీధంతా ఆ పేరుతో పిలిచేది.

ఒక ఉదయం అక్క అతన్ని ఆటోలో ఆసుపత్రికి తీసుకొచ్చింది. “నిన్నట్నుంచీ ముద్ద ముట్టలేదు సార్. తల గోడకేసి బాదుకుంటున్నాడు. వీడెప్పుడూ ఇలా చెయ్యలేదు.”

కుర్ర డాక్టరు ముందు రోగుల వరస గుమ్మం దాటి వరండాలోకి పోయింది. “ఇలాంటివాళ్లకి మొండితనం మామూలేనమ్మా. నిద్రకి ఇంజెక్షన్ ఇద్దాం, సర్దుకుంటాడు.”

మూల కుర్చీలోంచి నర్సు చూస్తూనే ఉంది. రాజావారి మోకాళ్లు డొక్కలోకి ముడుచుకున్నాయి. పై పెదవి మీద చెమట. అక్క చొక్కా సర్దబోయి పొట్టకి చెయ్యి తగిలిస్తే ఊపిరి బిగబట్టాడు. పేగేమైనా మెలిపడిందా? లేక తనదే అనుమానమా? పొరపాటైతే రేపట్నుంచి ఈ గుమ్మం తొక్కనివ్వరు. వరండాలోకెళ్లి, తన పరిశోధనకి దారి చూపే ప్రొఫెసరమ్మకి ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్లీ చేసింది. ఎత్తలేదు.

తిరిగొచ్చేసరికి సిరంజిలో మందు ఎక్కిస్తున్నారు.

“సార్, ఒక్కసారి పొట్ట చూడండి.”

“మీరు చూడ్డానికే కదా వచ్చింది?”

“చూశాను కాబట్టే అడుగుతున్నా సార్.”

డాక్టరు విసుగ్గానే పొట్ట మీద చెయ్యి వేశాడు. డప్పులా బిగుసుకుపోయి ఉంది. ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది. “స్కానింగ్‌కి పంపండి, వెంటనే!”

కానీ ఆ యంత్రాన్ని చూడగానే రాజావారు కేకలు పెట్టాడు. నర్సే అతని రెండు చేతులూ అదిమి పట్టుకోవాల్సొచ్చింది. అక్క చెవి దగ్గర నోరుపెట్టి కుట్టుమిషను చప్పుడు చేసింది, “టకటకటక, టకటకటక...” అప్పుడు కాస్త కదలకుండా పడుకున్నాడు.

పేగు మెలిపడింది. ఆపరేషన్ గది తలుపు మూసుకున్నాక అక్క బెంచీ మీద కూలబడింది. “వాడు చెప్పలేడని తెలిసీ నేను కనిపెట్టలేకపోయాను, సిస్టర్.” నర్సు ఆమె పక్కనే కూర్చుంది. తలుపు చప్పుడైనప్పుడల్లా ఇద్దరూ లేచి నిలబడేవారు.

చివరికి సర్జన్ బయటికొచ్చాడు. “కొంత పేగు తియ్యాల్సొచ్చింది. బతుకుతాడు. ఇంకాస్త ఆలస్యమైతే మన చేతుల్లో ఉండేది కాదు.”

మర్నాడు ప్రొఫెసరమ్మ అంతా విని, “నువ్వు వేలు పెట్టావు. అతని వివరాలు పరిశోధనలోంచి తీసెయ్యాలి” అంది.

“పెట్టకపోయుంటే?”

“నీ మొహం చూసేదాన్ని కాదు. అయినా తీసెయ్యి.”

రాజావారు కోలుకుని ఇంటికెళ్లాడు. నర్సు చూడ్డానికెళితే మాత్రం అక్క వెనక నక్కాడు. ఆమె చేతులవైపే బెదురుగా చూశాడు. “మర్చిపోతాడులే” అంది అక్క. మర్చిపోలేదు. ఆ తర్వాత ఆమె వీధి చివరనుంచే ఫోన్‌లో కబురు కనుక్కునేది.

పరిశోధన సాగుతూనే ఉంది. అందులో చేరిన కుటుంబాలకి నర్సు తరచూ ఫోన్ చేసి, “తిన్నాడా? తిన్నదా?” అని అడుగుతుంది. అటువైపు ఫోన్ ఎత్తడం ఏ కొంచెం ఆలస్యమైనా ఇప్పటికీ ఆమె కూర్చున్నచోటినుంచి లేచి నిలబడుతుంది.