టైపు కొట్టే చేతులు, వాదించాల్సిన నోరు

మా అమ్మమ్మ ముప్ఫై నాలుగేళ్లు కోర్టులో టైపిస్టుగా పనిచేసింది. జడ్జిగారి బల్లకు దిగువన కూర్చుని, సాక్షులు గొణిగింది, ప్లీడర్లు అరిచింది, జడ్జిగారు విసుక్కున్నది అంతా కాగితం మీదికి ఎక్కించింది. రిటైరైన మరుసటి నెలలోనే లా కాలేజీలో చేరింది. కాలక్షేపానికి కాబోలు అనుకున్నాం. కాదట, ప్లీడరీ చేస్తుందట.

రాత పరీక్షల్లో ఆవిడకు తిరుగులేదు. చిక్కల్లా నమూనా కోర్టుతోనే. కాలేజీ హాల్లో ఒక ఉత్తుత్తి కేసు ఇస్తారు. మాస్టారు జడ్జిగా కూర్చుంటే, విద్యార్థులు చెరోపక్క నిలబడి వాదించాలి. అమ్మమ్మ అందులో రెండుసార్లు తప్పింది. మూడోసారీ తప్పితే ఆఖరి పరీక్షలకు కూర్చోనివ్వరు. మూడేళ్ల చదువూ గంగలో కలిసినట్టే.

ఎందుకు తప్పుతోందో ఇంట్లో చెప్పేది కాదు. రెండోసారి నేను చూడ్డానికి వెళ్లాను కాబట్టి తెలిసింది. లేచి బ్రహ్మాండంగా మొదలుపెట్టింది. మధ్యలో మాస్టారు, "ఒక్క నిమిషం. దీనికి ఆధారం ఏమిటి?" అన్నారు. అంతే, అమ్మమ్మ నోరు మూతపడింది. తల వంగింది. పది వేళ్లూ బల్ల మీద టకటకా ఆడాయి. ప్రశ్నంతా టైపు కొట్టేసి, తరవాతి మాట కోసం చెవి రిక్కించి నిలబడింది. మాస్టారు జవాబు కోసం ఆవిడ వంక, ఆవిడ డిక్టేషన్ కోసం మాస్టారి వంక చూస్తున్నారు. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను, అబద్ధమెందుకు.

ఇంటికొచ్చాక మంచం మీద కూలబడింది. "జడ్జి నోరు తెరిస్తే మనం మూసుకోవాలి. ఇన్నేళ్ల అలవాటు ఎక్కడికి పోతుందే?"

"నేను పోగొడతాగా."

"నువ్వా? తొమ్మిదో తరగతి గట్టెక్కలేక దర్జీ కొట్లో గుండీలు కుట్టుకుంటున్నదానివి."

"చదువు రాకపోతేనేం, మాటకు అడ్డుపడటం వచ్చు. కావాలంటే అమ్మనడుగు."

"అదొక్కటే వచ్చు దానికి," అని మా అమ్మ వంటింట్లోంచి సాక్ష్యం చెప్పింది.

ఆ సాయంత్రమే కోర్టు పెట్టాను. పెరట్లో బకెట్టు బోర్లించి దానిమీద జడ్జినై కూర్చున్నాను. కేసు మూడోసారికి కాలేజీవాళ్లు ఇచ్చిందే: మేడమీద అద్దెకున్నాయన కొళాయి కట్టకుండా ఊరెళ్లాడు. నీళ్లు కిందికి కారి, ఫొటో స్టూడియోలో పాత ఫొటోలన్నీ పాడయ్యాయి. అమ్మమ్మది మేడమీదాయన పక్షం. చేతులు ఖాళీగా ఉంటే టైపు కొడతాయని, ఉతికిన దుప్పటి ఇచ్చి పిండమన్నాను.

"మీ మనిషి కొళాయి కట్టాడా లేదా?"

అమ్మమ్మ దుప్పటి పిండుతూ, "అసలు ఆ రోజు పరిస్థితి ఏమిటంటే..." అంది.

"పరిస్థితి తరవాత. ముందు అవుననో కాదనో చెప్పండి."

"కట్టలేదు. కానీ తిప్పినప్పుడు చుక్క నీళ్లు రాలేదు. తెరిచే ఉందని ఎలా తెలుస్తుంది?"

"తెలియకా, ఒళ్లు బద్ధకమా?"

"ఒసేయ్, జడ్జిలు అలా అడగరు."

"ఈ జడ్జి అడుగుతుంది. కానివ్వండి."

చేతిలో పని ఉంటే నోరు ఆగడం లేదని తేలింది. నెల్లాళ్లు బట్టలు ఆరేస్తుంటే అడ్డుపడ్డాను, చిక్కుళ్లు ఒలుస్తుంటే అడ్డుపడ్డాను, పళ్లు తోముకుంటున్నప్పుడు కూడా వదల్లేదు. ఆఖరి వారం చేతుల్లోంచి పని లాగేశాను. వేళ్లు మళ్లీ ఎగిరాయి. రోజుకు కాస్త తగ్గాయి గాని, పూర్తిగా మాత్రం ఊరుకోలేదు.

పరీక్ష రోజు నేను చివరి వరసలో కూర్చున్నాను. అమ్మమ్మ మొదలుపెట్టిన మూడో వాక్యానికే మాస్టారు అడ్డొచ్చారు. "మీ మనిషి నిర్లక్ష్యంగా ఉన్నాడా, లేదా?"

కుడిచేతి చూపుడువేలు లేచింది. అమ్మమ్మ దానివంక, అల్లరి పిల్లను చూసినట్టు చూసింది. అరచేతులు రెండూ బల్లకు అదిమిపెట్టి, "ఉన్నాడు. మా కేసులో బలం లేని చోటు అదే. అయినా మొత్తం తప్పు ఆయనది కాదంటాను, ఎందుకో మనవి చేస్తాను," అంది.

ఇక చూడాలి. ఆయన అడిగేకొద్దీ ఈవిడకు హుషారు పెరిగింది. కప్పు ఏడాదిగా కారుతోందని తెలిసీ స్టూడియో ఆయన ఫొటోలు నేలమీద ఎందుకు పరిచాడని నిలదీసింది. ఎదుటిపక్షం అబ్బాయి లేచాడు, కూర్చున్నాడు, మళ్లీ లేచాడు. మాస్టారు గంట కొట్టి, "మీ సమయం అయిపోయింది," అన్నారు.

"కాలేదు," అంది అమ్మమ్మ. "ఆ గోడ గడియారం రెండు నిమిషాలు ముందుంది."

మాస్టారు తన చేతి గడియారం చూసుకున్నారు. చిన్నగా నవ్వి, "కానివ్వండి," అన్నారు.

గంట తరవాత నెగ్గినవాళ్ల జాబితా అంటించారు. అమ్మమ్మ నంబరు పైనుంచి రెండోది. ఎదుటిపక్షం అబ్బాయిది అసలు లేదు. వాడు నా దగ్గరికొచ్చి, "మామ్మగారికి మీరే నేర్పారటగా. ఏ లాయరుగారి దగ్గర పనిచేస్తారండీ?" అన్నాడు.

"దర్జీ దగ్గర," అన్నాను. అయినా సరే, తనకూ నేర్పుతారా అని అడిగాడు.

అమ్మమ్మ అప్పటికే ఆఫీసు కిటికీ దగ్గర ఆఖరి పరీక్షల ఫారం నింపుతోంది. తలెత్తకుండానే, "రమ్మనవే," అంది. "వాడికి నేనూ అడ్డుపడతాను."