ఓడ దిగి కలిపిన మలీద

మొన్న జనగామలో దుకాణాయన గోధుమరంగు చక్కెర తూచి పొట్లం కడుతుంటే ఆ వాసనకు ఆగిపోయాను. "ఇంట్ల బెల్లం ఉండె గదా అమ్మీ, గిదెందుకు?" అంది కోడలు. నేను పొట్లం సంచిలో వేసుకున్నాను. ఆ వాసనలో నాకు ట్రినిడాడ్ దీవి ఉంది, మా తమ్ముడున్నాడు.

తెలంగాణ కోసం ఊరూరా జనం రోడ్డెక్కిన రోజులవి. ఒక చలికాలం ఊరేగింపులో మా తమ్ముడికి తలమీద లాఠీదెబ్బ తగిలింది. వరంగల్ దవాఖానలో వాడు కళ్లు తెరిచిన పొద్దున నేను మొక్కుకున్నాను: తెలంగాణ వచ్చేదాకా ఏ ఏడూ తప్పకుండా, పీరీల పండుగ పదో రోజున నా చేత్తో మలీద కలిపి పంచుతానని. వేడి రొట్టెను నలిపి తీపి కలిపితే మలీద. చిట్యాల పక్కన మా పుట్టినూళ్లో పీరీల ముందు హిందువులూ మేమూ కలిసి పెట్టేదే. తీరా మరుసటి పండుగ నాటికి నేను నడిసముద్రంలో ఉన్నాను. ఓడలో వంటపని చేసే మా మరిది, చెల్లె మొగుడు, ఇంటివాళ్లకిచ్చే టికెట్ల మీద మా చెల్లెను, నన్ను ఎక్కించాడు. బడి గడప తొక్కకుండా అబ్బా దగ్గరే అరబీ, తెలుగు అక్షరాలు దిద్దుకున్న నాకు అంత సముద్రం చూపించినందుకు ముందు అల్లాకు, తర్వాత మరిదికి ఇప్పటికీ షుక్రియా చెప్పుకుంటాను. కాకపోతే టికెట్లు తీసేవాళ్లు నెలవంకను చూడరు కదా. ఓడ దీవి దగ్గర ఆగిన రోజే పండుగ పదో రోజు.

పొద్దున ఫలహారాల బల్లమీది బన్నులు నలిపి, చక్కెర కలిపి డబ్బాకెత్తాను. చెల్లె చూసి తల పట్టుకుంది. "బన్నుతోని మలీదనా ఆపా? గిది జూస్తె పీరి లేవనే లేవడు."

"లేవకుంటె నేను లేపుత," అన్నాను.

దిగే మెట్ల దగ్గర కాపలా మనిషి నవ్వుతూనే డబ్బా తీసేసుకుంది. ఓడ తిండి ఒడ్డుకు దించకూడదట. సాయంత్రం ఓడ కదిలిందంటే మొక్కు తప్పినట్టే. "ఇగ ఈడ రొట్టె యాడ దెస్తవ్?" అంది చెల్లె. "సూపించెటోడు సూపిస్తడు, నువ్వు నడువు," అన్నాను.

ఊళ్లో ఒక వీధి మలుపు తిరిగేసరికి పొగ వాసన. రోడ్డు పక్కన మంట చుట్టూ మగవాళ్లు డప్పులు కాపుతున్నారు. పీరీలు ఊరేగింపుకు లేచేముందు మా ఊళ్లో చేసినట్టే, చర్మం బిగిసేదాకా తిప్పి తిప్పి. వెనక మేడంత ఎత్తున, పండుగకు రంగు కాగితాలతో కట్టిన సమాధి గోపురం, తాజియా. వీళ్లంతా ఎప్పుడో చెరుకుతోటల్లో కూలికి మన దేశం నుంచి ఓడలెక్కి వచ్చినవాళ్ల మునిమనవలట. పక్కనే ఒక ముసలామె తలమీద కొంగులాంటి గుడ్డ కప్పుకుని, పెనం మీది పెద్ద రొట్టెను రెండు చెక్కలతో కొట్టి పేలికలు చేస్తోంది. చెల్లె ఇంగ్లీషు కూడగట్టుకునేలోపు నేను సైగలతోనే ఆ రొట్టె ఒక పళ్లెంలో తీసుకున్నాను, చక్కెర అడిగాను. ఆమె జరిపిన గిన్నెలో గోధుమరంగు చక్కెర, అచ్చం మా బెల్లపు వాసన. అక్కడే నిలబడి నలపసాగాను. ఆమె చేతిలో చెక్కలు ఆగాయి. నా పళ్లెం వైపు చూసి, "మలీదా," అంది. మా ఇద్దరికీ తెలిసిన మాట అదొక్కటే. ఇంకో గుప్పెడు చక్కెర తన చేత్తో వేసింది. నేను ఫాతిహా చదివితే ఆమె చేతులు చాచి నిలబడింది. డప్పులవాళ్లకు ఇద్దరం కలిసి పంచాం.

చెల్లె ఇంటికి ఫోన్ కలిపింది. "మొక్కు ముట్టిందిరా," అన్నాను తమ్ముడితో.

"ముట్టినట్టే ఉన్నది ఆపా, నా నెత్తి సల్లగైంది. తెలంగాణ జల్ది రావాలె. లేకుంటె నువ్వు దీవి దీవికి తిరిగి రొట్టెలు నలుపుతవ్."

తెలంగాణ వచ్చింది. తమ్ముడు ఇప్పుడు పీరీల ముందు మనవణ్ని భుజాన ఎత్తుకుని ఆడతాడు. నేను పెట్టుకున్న గడువు ఎప్పుడో తీరిపోయింది, అయినా పదో రోజు పొద్దున్నే నా చేయి పిండి డబ్బా మూత తీస్తూనే ఉంది.