సెలవు దొరికిన వేళ

ఒక శుక్రవారం సెలవునాడు మస్కట్‌లో బస్సెక్కి చర్చికి వెళ్తూ నేనూ, మా రూమ్‌లో ఉండే జోసెఫూ ఏ సంఘం అసలైనదని వాదించుకున్నాం. పెంతెకొస్తు పండుగనాడు ఆత్మ దిగినప్పుడే తమ సంఘం పుట్టిందన్నాడు జోసెఫ్. అంతకన్నా ముందే యేసు యోర్దాను నదిలో మునిగి బాప్తిస్మం తీసుకున్నాడు కాబట్టి మా బాప్టిస్టులే మొదటివాళ్ళని నేను గొంతు పెంచాను.

ముందు సీట్లోని పెద్దామె నవ్వుతూ వెనక్కి తిరిగింది. ఊళ్ళోనే అజైబాలో ఒకరింట్లో పనిచేస్తుందట. మాట కడపది.

"మీది ఏ సంఘం, అమ్మా?" అన్నాడు జోసెఫ్.

"మా మేడం పంపిచ్చినప్పుడే నాకు సెలవు నాయనా. ఆ యాళకు యా ప్రార్థన జరుగుతాంటే అదే నా సంఘం."

మేం వెళ్ళే చర్చిలో ఒకే హాల్లో సంఘాలన్నీ వంతులవారీగా ఆరాధించుకుంటాయి. మేం ముగ్గురం దిగేసరికి మలయాళీల ప్రార్థన నడుస్తోంది. ఆమె చెప్పులు విడిచి, చున్నీ నెత్తిన కప్పుకుంది.

"మలయాళం అర్థమవుతుందా?" అన్నాను.

"ఆమెన్ అన్నప్పుడు తెలుస్తాది గదా," అని గబగబా లోపలికి పోయింది.

కాసేపటికి లోపలినుంచి ఆమెన్ వినిపించింది. అన్ని గొంతుల్లోనూ ఆమె గొంతే నిండుగా ఉంది.

మా ఇద్దరి సంఘాల వంతులూ ఇంకా రాలేదు. పక్కకు చూస్తే జోసెఫ్ చెప్పులు విడుస్తున్నాడు.