మా పాత మారుతి, వెంచరన్న ఎర్ర కారు

ఆ రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్‌లో బంద్ లేకుండా వారం గడిస్తే ఏదో వెలితిగా ఉండేది. తెలంగాణ ఉద్యమం మంచి జోరు మీద ఉంది. లాయర్లకో జేఏసీ, డాక్టర్లకో జేఏసీ, చివరికి మా కొత్తపేట వీధిలో ఇస్త్రీ బండ్ల వాళ్లకి కూడా ఒక జేఏసీ. నేను చైతన్యపురిలో ఒక కోచింగ్ సెంటర్లో ఫిజిక్స్ చెప్పేదాన్ని. బంద్ రోజున నాకు క్లాసులు ఉండవు, తెనాలి నుంచి వచ్చి మా నాన్న పెట్టుకున్న డ్రైవింగ్ స్కూలూ ఉండదు. స్కూలు తాలూకు పాత మారుతి మాత్రం గుమ్మం ముందు ఊరికే నిలబడి ఉండేది. ఖాళీ కారు, ఖాళీ రోడ్డు. (మూడో ఖాళీ నా బుర్ర అనేవారు నాన్న.) అలా నేను రేసుల్లోకి దిగాను.

ఎల్బీ నగర్ దాటి కొంత దూరం పోతే వెంచరన్న వాళ్ల ప్లాట్ల వెంచరు. (మేం ఆయనకి ఆ పేరు పెట్టింది దాన్ని బట్టే.) వాళ్లది అక్కడి పాత రైతు కుటుంబం. పొలం ప్లాట్లయింది, ప్లాట్ల డబ్బు ఎర్రటి స్పోర్ట్స్ కారయింది. రెండే తలుపులు, కూర్చుంటే నేల మీద పీట వేసుకుని కూర్చున్నట్టే. మిగతా ప్లాట్లు కొనే నాథుడు లేక, లోపలి తారు రోడ్లు నున్నగా, నిర్మానుష్యంగా పడి ఉండేవి. బంద్ రోజుల్లో నాలుగైదు కార్లం అక్కడ చేరేవాళ్లం. వెంచరన్న మా నాన్న దగ్గరే డ్రైవింగ్ నేర్చుకున్నాడు కాబట్టి నన్ను కూడా పిలిచేవాడు. విజయవాడ నుంచి వచ్చి ఇక్కడ క్లినిక్ పెట్టుకున్న పళ్ల డాక్టరుగారు తన వెండి రంగు పెద్ద కారుతో వచ్చేవారు. (దారిలో ఉద్యమకారులు ఆపితే అందరికంటే గట్టిగా "జై తెలంగాణ" అనేది ఆయనే.)

ఒకరోజు వెంచరన్న ప్రకటించాడు. "చెన్నై కాడ అసలు రేస్ ట్రాక్ ఉన్నది. మనలెక్క షౌక్ ఉన్నోళ్లను ఒక దినం నడపనిస్తరంట. ఈసారి ఎవలు గెలిస్తే వాళ్లకు ఆ దినానికి నా కారిస్త. తీస్కపోయి ఎంత ఉరికిస్తరో ఉరికియ్యుండ్రి!" నిజం చెబుతున్నాను, ఆ రోజు నుంచి నాకు ఇంకో ధ్యాస లేదు. బోర్డు మీద న్యూటన్ సూత్రాలు రాస్తూ మూలన కారు బొమ్మలు గీసేదాన్ని. అంతగా ఏదీ కోరుకోలేదు నేను.

కానీ ఎర్ర కారుతో మా మారుతి పోటీ ఏమిటి? సమంగా కొలవడం ఎలా అని లొల్లి మొదలైంది. ఇంజను సైజును బట్టి చిన్న కార్లకి టైము తగ్గించమన్నారు డాక్టరుగారు. "అంటే ఈడ గూడ మాకే అన్యాయమా?" అన్నాడు వెంచరన్న. "అన్యాయం మీకెందుకవుతుందండీ, అయితే మాకవుతుంది గానీ!" అన్నారు డాక్టరుగారు. ఎవరు ఏ లెక్క చెప్పినా అవతలి వాళ్లకి అందులో కుట్ర కనిపించింది. పాఠం చెప్పే నోరు ఊరుకుంటుందా? నేను లేచాను. "కారుని ఇంకో కారుతో పోల్చకండి. ముందు అందరూ ఒక ట్రయల్ రౌండు వెయ్యండి, తర్వాత అసలు రౌండు. తమ ట్రయల్ టైము కంటే ఎవరు ఎక్కువ శాతం మెరుగైతే వాళ్లే విజేత" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. రెండు వైపుల నుంచీ చెరొకరు సెల్‌ఫోన్‌లో స్టాప్‌వాచ్ పట్టుకుని గీత దగ్గర నిలబడ్డారు. ఇంతకంటే న్యాయమైన కొలత దేశంలో లేదని నేను పొంగిపోయాను.

ట్రయల్ మొదట నేనే వేశాను. ఒళ్లు దాచుకోకుండా తొక్కాను. మారుతి ఊగింది, మూలిగింది, మలుపులో డ్యాష్‌బోర్డు మీది వినాయకుడు నా ఒళ్లో పడ్డాడు. తర్వాత ఎర్ర కారు బయల్దేరింది. బయల్దేరిందా అని అనుమానం వచ్చింది. వెంచరన్న అద్దం దింపి, చెయ్యి బయట పెట్టి, పెళ్లి ఊరేగింపులో పోతున్నట్టు పోతున్నాడు. వాచ్‌మన్ దగ్గర ఏకంగా ఆగిపోయాడు. "ఏం కాకా, బువ్వ తిన్నవా? ఏం కూర?" కాకా కూర పేరు చెప్పి, అందులో ఉప్పు ఎందుకు ఎక్కువైందో వివరించేదాకా కారు కదల్లేదు. ఆ తర్వాత డాక్టరుగారు. ఎక్కడో దూరంగా మేకలు మేస్తుంటే, అవి రోడ్డు దాటతాయేమోనని బండి ఆపి ఎదురుచూశారు. నా ఒళ్లు మండిపోయింది.

అసలు రౌండులో ఏమైందో చెప్పాలా? ఎర్ర కారు మా కళ్ల ముందు నుంచి మాయమై, మళ్లీ ప్రత్యక్షమైంది. నా మారుతి ట్రయల్‌లో ఎంత పోయిందో అంతే పోయింది. ఇంకేం మిగిలింది గనక అందులో! నా మెరుగుదల సున్నా. వెంచరన్న మొదటి స్థానం, డాక్టరుగారు రెండో స్థానం.

"ఇది మోసం! ట్రయల్ అంటే కారు ఎంత పోగలదో చూడటం!" అని అరిచాను.

"రూల్ ఎవలు పెట్టిన్రు మేడం? మీరే గద!" అన్నాడు వెంచరన్న.

"మెల్లగా వెళ్లకూడదని మీరెక్కడా అనలేదు కదండీ" అన్నారు డాక్టరుగారు, పన్ను పీకే ముందు మాట్లాడేంత మెత్తగా. స్టాప్‌వాచీల వాళ్లిద్దరూ ఒకేసారి తలలూపారు. ఎన్నాళ్లుగానో ఒక్క మాట మీదికి రాని రెండు ప్రాంతాలూ నన్ను ముంచడంలో ఏకమయ్యాయి! పైగా కారు ఇచ్చేదీ వెంచరన్నే, తీసుకునేదీ వెంచరన్నే. తన కారులో తను చెన్నై పోవడానికి రేసెందుకు, నా రూలెందుకు, కాకా కూరెందుకు?

"నాకు న్యాయం కావాలి. దీని మీద జేఏసీ వెయ్యాల్సిందే" అన్నాను, ఏడుపు ఆపుకుంటూ.

"మీరొక్కరే ఉన్నరు గద మేడం, ఎవలతోని కలిసి ఏస్తరు?" అన్నాడు వెంచరన్న, నిజంగానే జాలి పడుతూ.

కారెక్కి తలుపు ధడాలున వేసుకుని ఇంటి దారి పట్టాను. బంద్ కదా, ఎల్బీ నగర్ చౌరస్తాలో నరపురుగు లేదు. బస్సుల్లేవు, ఆటోల్లేవు, పోలీసులు ఎక్కడో నీడలో ఉన్నారు. సిగ్నల్ మాత్రం ఎవరి కోసమో ఎర్రగా వెలుగుతోంది. ఆగాను. వెనకే ఎర్ర కారు వచ్చి ఆగింది. హారన్ మీద హారన్. "పోనియ్యుండ్రి మేడం! ఎవలున్నరని?" నేను కదల్లేదు. పక్క నుంచి పోదామంటే బంద్ వాళ్లు అడ్డం పెట్టిన రాళ్లు. వెంచరన్న దిగి నా అద్దం దగ్గరికొచ్చాడు. "బంద్ దినం సిగ్నల్ కాడ ఆగెటోళ్లు హైద్రాబాద్ మొత్తంల మీరొక్కరే" అన్నాడు. "ఆగాలి. రూలు" అన్నాను, ముక్కు చీదుకుంటూ. ఆ రోజు మొత్తానికి నేను ముందు, ఆ కారు వెనక ఉన్నది అప్పుడొక్కసారే.

ఇప్పుడక్కడ ఫ్లైఓవర్లు, అండర్‌పాసులు వచ్చేశాయి. ఆ సిగ్నల్ ఎక్కడుండేదో కూడా పోల్చుకోలేను. వెంచరన్న చెన్నై నుంచి తిరిగొచ్చి ట్రాక్ గురించి చెబుతుంటే నేను వినకుండా లేచి వెళ్లిపోయాను. ఆ కోపం ఇంకా పూర్తిగా పోలేదు, దాచుకోవడం ఎందుకు. కానీ నిర్మానుష్యమైన చౌరస్తాలో రూలు అంటూ ముక్కు చీదుకున్న ఆ పిల్లని తలుచుకుంటే నవ్వొస్తుంది, ముద్దొస్తుంది కూడా. ఈ వయసులో ఎవరైనా స్పోర్ట్స్ కారు నా చేతికిచ్చి "ముందొక ట్రయల్ వెయ్యండి మేడం" అంటే ఏం చెయ్యాలో నాకిప్పుడు బాగా తెలుసు. తెలిసీ, మొదటి మలుపు దాకా కూడా ఆగలేక, ఉన్నదంతా తొక్కేస్తాను.