నాలుగింటికీ ఒకటే బొమ్మ, ఒకటే బొరుసు

తెలివి ఎక్కువై పరువు పోగొట్టుకున్నోళ్ల ముచ్చట్లు మీరు చానా విని ఉంటరు. కంప్యూటర్ల ఎలక్షన్ల డిపాజిట్ పోగొట్టుకున్నోని ముచ్చట మాత్రం విని ఉండరు. ఆ మొనగాణ్ని నేనే. కూసోండ్రి, చెప్త.

తొంభైల నాటి మాట. కరీంనగర్ల రాంరెడ్డి సార్ కొత్తగ కంప్యూటర్ సెంటర్ పెట్టిండు. నేను అండ్ల పాఠాలు చెప్పేటోణ్ని. ఉన్నయి నాలుగు కంప్యూటర్లు, నాలుగూ ఒక్క తీరుగనే ఉంటయి. వాటిని వైరుతోని గుండ్రంగ కలిపి సార్ దగ్గరికి ఉరికిన.

"సార్, ఓపెనింగ్ నాడు వీటికి ఎలక్షన్ పెడుదం. మనం చెయ్యి పెట్టకుండ వాటిల అవే లీడర్‌ను ఎన్నుకుంటయి."

"వాటికి లీడర్ ఎందుకయ్యా?"

"ప్రింటర్ ఒక్కటే ఉన్నది గద సార్. దాని పెత్తనం ఒక్కరికే ఉండాలె."

"ఒకటి, రెండు, మూడు, నాలుగు అని నంబర్లు పెట్టు. ఒకటే లీడర్ అను. అయిపాయె!"

"నంబర్లు పెడితె గమ్మతేమున్నది సార్? పేరూ ఊరూ లేనోళ్లల్లకెల్లి పెద్దమనిషిని తీసుడే అసలు విద్య!"

సార్ మురిసిపోయిండు. "చేసి చూపెట్టు. సెంటర్‌కు ఇన్‌చార్జివి నువ్వే" అన్నడు. నేను భూమ్మీద నడుసుడు బంద్ చేసిన.

నా ఉపాయం ఇంతే. ప్రతి కంప్యూటర్ లోపట్నే ఒక నాణెం ఎగరేసినట్టు చేస్తది. బొమ్మ పడితె ఉంటది, బొరుసు పడితె తప్పుకుంటది. అన్నింటికీ ఒక్కటే పడితె మళ్ల ఎగరేసుడు. ఆఖరికి మిగిలిందే లీడర్. ముందునాడు ఒక్కొక్కటే స్విచ్ వేసుకుంట చూసిన, మస్తుగ పనిచేసింది. ఇంట గెలిచి రచ్చ గెలువుమన్నరు గద. నేను ఇంట గెలిచిన, రచ్చల రచ్చ రచ్చయిన!

ఓపెనింగ్‌కు లక్సెట్టిపేట నుంచి సార్ మామ వచ్చిండు, పెద్ద పటేల్. ఆయన సరే అంటె ఆ చుట్టుపక్క ఊర్ల పిల్లలంత మా దగ్గర చేరుతరు. మామ చేతుల మీద షురువు చేపియ్యాలెనని సార్ నాలుగింటికీ కలిపి ఒకటే పెద్ద స్విచ్ పెట్టించిండు. పటేల్ దాన్ని వేసిండు.

నాలుగు తెరల మీద 'బొమ్మ'. అందరు చప్పట్లు. మళ్ల నాలుగింటి మీద 'బొరుసు'. మళ్ల చప్పట్లు. మళ్ల నాలుగింటికీ బొరుసే. చప్పట్లు జర సన్నగైనయి.

"ఇది ఎలక్షనా, పోలీసోళ్ల కవాతా?" అన్నడు పటేల్.

"జర ఆగుండ్రి పటేలా, ఇప్పుడే తేలుతది."

తేలలే. సార్ నా చెవుల మెల్లగ, "లీడర్ ఏడయ్యా?"

"వస్తుండు సార్."

"యాడిదాంక వచ్చిండు?"

నిజం చెప్తున్న, అంత పరేషాన్ల గూడ నాకు భయం కన్న ఆశ్చర్యమే ఎక్కువైంది. నాలుగు నాణేలు ఇన్నిసార్లు కలుసుడేంది? అందర్ని మరిచి టేబుల్ కింద దూరిన. వైర్లు చూసిన, మంచిగనే ఉన్నయి. గప్పుడు తట్టింది. కంప్యూటర్‌ల నిజం నాణెం యాడుంటది? తన గడియారం చూసి, లెక్క గట్టి, బొమ్మో బొరుసో చెప్తది. మావన్ని లోపటి గడియారం బ్యాటరీ సచ్చిన పాత మిషన్లు, స్విచ్ వేసినప్పుడల్ల గడియారం మొదటికెల్లి షురువైతది. నిన్న ఒక్కొక్కటే వేసిన గనుక టైములు వేరు. ఇయ్యాల ఒకటే స్విచ్. ఒకటే టైము, ఒకటే లెక్క, ఒకటే బొమ్మ! తెల్లారెదాంక ఎగరేసినా తేలది.

అన్ని బంద్ చేసి, టేబుల్ కిందనే కూసొని ఆగి ఆగి ఒక్కొక్క ప్లగ్గే పెట్టి, తల జర బైట పెట్టి తెరలే చూసిన. ఒకటి తప్పుకున్నది. ఇంకోటి తప్పుకున్నది. మూడోది గూడ! మిగిలినదాని హుకుం మీద ప్రింటర్ కర్‌కర్‌మని కాయితం కక్కింది.

"దొరికిండు! లీడర్ దొరికిండు!" అని టేబుల్ కిందికెల్లి లేసిన.

కుర్చీలన్ని ఖాళీ. సార్ ఒక్కడే నిలబడ్డడు.

"మామ ఏమన్నడు సార్?"

"'అల్లుడా, మేం నలుగురం అన్నదమ్ములం ఒక్కనాడు ఒక్క మాట మీద నిలబడలే. గా నాలుగు మిషన్లు అంత సక్కగ కలిసి ఉంటె, నీ పంతులు వాటి నడుమ కొట్లాట పెట్టెతందుకు టేబుల్ కింద దూరిండు. అసొంటోని దగ్గరికి మా ఊరి పిల్లల్ని పంపుదునా?' అన్నడు."

ఇన్‌చార్జి ముచ్చట సార్ మళ్ల ఎత్తలే, నేను అడుగలే. కని ఆనాడే తడిబట్టలతోని ఒట్టు పెట్టుకున్న: ఈ జన్మల పటేళ్ల ముందట ఎలక్షన్ పెట్ట. పెట్టినా, నలుగురు ఒక్క మాట మీద ఉన్నకాడ టేబుల్ కింద మాత్రం దూర!