టాకీకార్డియా అంటే

తోటపల్లి గూడూరులో ఉండే మా అక్కకు కొన్నాళ్లు గుండెదడ పట్టుకుంది. బియ్యం కడుగుతూ కూడా ఆయాసపడి కూర్చుండిపోయేది. పోయినేడాది నెల్లూరు తీసుకెళ్లి ఈసీజీ తీయించాను. పెద్ద డాక్టరుగారు ఊళ్లో లేరు, వారం తర్వాత రమ్మన్నారు. తిరుగు బస్సులో అక్క ఆ కాగితం నా చేతిలో పెట్టింది.

"ఏం రాసినారు అబ్బయా?"

పైన ఇంగ్లీషులో ఒకటే మాట: టాకీకార్డియా. మా ఇంట్లో ఇంగ్లీషు చదివినవాణ్ణి నేనొక్కడినే. మందు సీసా మీద ఏముందో చెప్పాలన్నా నా దగ్గరికే వస్తారు. తెలియదనడానికి నోరు రాలేదు.

"గుండెజబ్బే అక్కా. కొంచెం పెద్దదే. డాక్టరుగారు చెప్తారులే."

అక్క కాగితం తీసుకుని మడిచి సంచిలో పెట్టుకుంది. ఊరొచ్చేదాకా కిటికీలోంచి రొయ్యల గుంటలకేసి చూస్తూ కూర్చుంది.

మర్నాడు ఆఫీసులో ఫోన్ తీసి వెతికాను. టాకీ అంటే వేగం, కార్డియా అంటే గుండె. గుండె వేగంగా కొట్టుకోవడం, అంతే. అక్క తన నోటితో చెప్పిన దడనే వాళ్లు ఇంగ్లీషులో రాశారు. అది ఎందుకొస్తోందో ఇంకా తేలనే లేదు. వెంటనే అక్కకు ఫోన్ చేయాల్సింది. నిన్న అన్నీ తెలిసినట్టు మాట్లాడి ఇవాళ ఏమని చెప్పను? డాక్టరుగారే చెప్తారులెమ్మని ఊరుకున్నాను.

వారం తిరిగాక అక్కను తీసుకెళ్లడానికి పోతే కొట్టం ఖాళీగా ఉంది.

"గేదె ఏదక్కా?"

"అమ్మేసినా. అది నా చెయ్యి తగిల్తేనే పాలిస్తాది. నేను పోయినాక మీ బావ దాంతో ఏం అగచాట్లు పడతాడు?"

అరుగు మీద కూలబడి, జరిగిందంతా చెప్పేశాను.

"దడేనా? నేను చెప్పిందేనా?"

"అదే అక్కా."

"తెలవదని చెప్పుంటే నిన్నేమన్నా అనుంటానా అబ్బయా?"

డాక్టరుగారు రక్తపరీక్ష చేయించి, థైరాయిడ్ వల్ల వచ్చిన దడ అన్నారు. మాత్రలతో మెల్లగా తగ్గింది. గేదెను కొన్నవాళ్ల దగ్గరికి బుచ్చిరెడ్డిపాలెం వెళ్లి బతిమాలాను, ఇవ్వం పొమ్మన్నారు. ఇంకోటి కొనిస్తానంటే అక్కే వద్దంది.

ఇప్పుడు వాళ్లింటికి పోతే పాకెట్ పాలతో టీ పెట్టి ఇస్తుంది. మామూలుగానే మాట్లాడుతుంది. నేనే కొట్టం వైపు చూడకుండా తాగి లేస్తాను.